గాల్మే రేవుకు వచ్చిన పతకం

గాల్మే రేవులో పడవ నడిపేవాణ్ణి "మీరు" అన్న మనిషి ఎన్నడూ లేడు. ముక్కు కారే పిల్లవాడైనా సరే, వాడి తండ్రి నెత్తిన పెద్దింటివాళ్ళు పెట్టే గుర్రపువెంట్రుకల టోపీ ఉంటే చాలు, ఒడ్డున నిలబడి "ఒరే పడవా!" అని కేకేసేవాడు. మనిషికీ పడవకీ కలిపి ఒకటే పిలుపు. యోమ్ దోక్సు తండ్రి ఆ పిలుపుకే పలికాడు, అన్న పలికాడు, దోక్సూ పలికాడు. చుట్టుపక్కల ఊళ్ళు వేసవిలో ఇంత బార్లీ, కోతలయ్యాక ఇంత వడ్లు కొలిచి ఇచ్చేవి. అదే కూలి, అదే మర్యాద.

ఆ ఏడు శీతాకాలం, పొడుగురాత్రి పండుగకు ముందురోజు, రాజధాని నుంచి ఒక అధికారి రేవుకు దిగాడు. వెంట ఒక రాయసగాడు, ఇద్దరు బంట్లు. నది అవతల కొండవాలులో పెద్దరాజు సమాధి ఉంది. అక్కడి పూజకు చక్రవర్తి పంపే ధూపమూ ప్రార్థనపత్రమూ ఉన్న పెట్టె అధికారి చేతుల్లో ఉంది. దాన్ని బంట్ల చేతికైనా ఇవ్వకుండా పసిబిడ్డలా పొదివి పట్టుకున్నాడు.

నది అప్పుడప్పుడే మీగడ కడుతోంది. నడవడానికి చాలని మంచు, పడవకు మాత్రం మించిన మంచు.

"అయ్యా, రేపు పొద్దుటికి గట్టిపడుద్ది. నడిచే పోవచ్చు," అన్నాడు దోక్సు అన్న.

"రేపు పొద్దున పూజరా. పెట్టె అందకపోతే నా తలకాయకి పూచీ నువ్వుంటావా?"

"పడవకే పూచీ ఉండలేకపోతున్నానండి, తలకాయకేం ఉంటాను," అని అన్న గెడ తీసుకుని ముందుకు పోయి నిలబడ్డాడు. దోక్సు వెనక తెడ్డు దగ్గర నిలబడ్డాడు. అన్న గెడతో మంచు పగలగొడుతూంటే పడవ చీలికలోంచి జరుగుతూ పోయింది. సగం నదిలో, ఎగువ నుంచి ఊడివచ్చిన పెద్ద మంచుపలక ఒకటి పడవ డొక్కలో తగిలింది. పడవ ఒరిగింది. పెట్టె జారింది. దాని వెంట అధికారి పడ్డాడు. అతని వెంట అన్న దూకాడు.

తెడ్డు వదిలితే పడవ బోర్లాపడుతుంది. దోక్సు వదల్లేదు. అన్న ముందు పెట్టెను పైకి విసిరి, ఆ తర్వాత మనిషిని ఎత్తి అందించాడు. "పెట్టె! ముందు పెట్టె!" అని అధికారే నీళ్ళలోంచి అరిచాడు. అన్నను పైకి లాగేటప్పటికి అతని సిగలో మంచు ముక్కలు కట్టి ఉన్నాయి.

వెనక్కి తిరిగి అన్న గుడిసెకే చేర్చారు. కింద పొయ్యి సెగ పాకే వెచ్చటి నేలమీద అన్నను పడుకోబెట్టి ఉన్న బొంతలన్నీ కప్పారు. అతని పళ్ళు టకటకలాడుతున్నాయి, మాట పెగలడం లేదు. వదిన పండుగకని పొయ్యిమీద పెట్టిన ఎర్రబొబ్బర్ల జావను పక్కకు దించి, ఇంకో రెండు కట్టెలు ఎగదోసి నీళ్ళు కాస్తోంది. అధికారి దోక్సు పాత నూలుబట్టలు కట్టుకుని పొయ్యి ముందు కూర్చున్నాడు. పెట్టె లోపలి నూనెకాగితం తడవలేదని చూసుకున్నాక గాని అతనికి ప్రాణం లేచిరాలేదు.

"ఇది చక్రవర్తి సన్నిధానానికి తెలియాలి," అన్నాడు. రాయసగాడు గడ్డకట్టిన సిరాను పొయ్యి దగ్గర కరిగించుకుని కుంచె తీశాడు.

"నన్ను లాగింది ఎవడ్రా?"

"మా అన్నండి," అన్నాడు దోక్సు.

"పేరు?"

దోక్సు నోరు తెరిచి మళ్ళీ మూశాడు. అన్న పేరు తమ్ముడి నోటివెంట ఎలా వస్తుంది? చదువుకున్నవాడికైతే దారి ఉంది. పేరును విరిచి, ఫలానా అక్షరం, ఆ తర్వాత ఫలానా అక్షరం అని విడివిడిగా చెబుతాడు. అప్పుడది పెద్దవాణ్ణి పేరు పెట్టి పిలిచినట్టు కాదు. దోక్సుకు అక్షరాలు రావు. అతనికి అన్న పేరు ఒకే ముద్ద. దాన్ని విరవడం చేతకాదు, అలాగే బయట పెట్టడమూ చేతకాదు.

"నిన్నేరా. పేరేమిటి?"

"మా అన్నండి... పెద్దోడండి..."

రాయసగాడికి విసుగు పుట్టింది. అవతల పొద్దు పోతోంది, రాత్రంతా నడిచైనా ఎగువన ఎక్కడో ఉన్న కాలిబాట వంతెన దాకా పోయి నది దాటాలి. "ఎవడి అన్నరా బాబూ?"

"యోమ్ దోక్సు అన్నండి."

దోక్సుకు అది సబబైన జవాబే అనిపించింది. ఊళ్ళో ఎవరినైనా అలాగే గదా చెబుతారు, ఫలానావాడి అన్న అని, ఫలానాదాని తల్లి అని. "యోమ్, దోక్, సు," అని గొణుక్కుంటూ రాయసగాడు రాశాడు. కుంచె కాగితం మీద నల్లగా పాకుతూంటే దోక్సు తృప్తిగా చూశాడు. అందులో అన్న కూడా ఉన్నాడనే అనుకున్నాడు.

అన్న వారం తిరిగేసరికి పోయాడు. పిల్లలు లేరు.

వసంతంలో జిల్లా కచేరీ నుంచి కబురు వచ్చింది. దోక్సు మైలబట్టల్లోనే పోయాడు. వాకిట్లో చాప పరిచి, బల్లమీద నల్ల లక్కపెట్టె పెట్టి ఉంది. ఉత్తరదిక్కు తిరిగి నాలుగుసార్లు సాగిలపడమన్నారు, పడ్డాడు. పైన ఎవరో చదువుతున్నారు. ఎనిమిది రేఖల పతకం, ఎనిమిదో తరగతి. "యోమ్ దోక్సుకు" అన్న మాట వినబడి నేలకు ఆనించిన నుదురు ఎత్తబోయాడు. పక్కనున్న బంటు మెడమీద చెయ్యివేసి నొక్కాడు. చక్రవర్తి మాట చదువుతూంటే తల ఎత్తకూడదు.

అంతా అయ్యాక గుమాస్తా దగ్గరకు పోయాడు. "అయ్యా, ఇది నాది కాదండి. మా అన్నదండి."

"నీ పేరేగా ఉంది."

"పేరు నాదేనండి. దూకింది ఆయన."

గుమాస్తా నవ్వలేదు. తల గోక్కున్నాడు. "ఇది మా చేతిలో పనికాదు. రాజధానిలో పతకాల కచేరీ ఉంది. నీ పేరుమీద వచ్చింది గనక నువ్వే పోయి చెప్పుకోవాలి. సాక్షిగా ఆ అధికారి ఎటూ ఉన్నాడు, మారుస్తారు. అయితే ఇప్పుడు కాదు. మైలలో ఉన్నవాడివి, ఆ గుమ్మం తొక్కకూడదు. ఏడాది వెళ్ళనీ."

ఆ మాటే తెచ్చి వదినకు చెప్పాడు. ఆమె పెట్టె మూత తీసి చూసింది. వెండి. మధ్యలో ఎరుపూ నీలమూ ఒకదాన్నొకటి తరుముకుంటున్న గుండ్రం. చుట్టూ గీతల కట్టలు, కొన్ని తెగినవి, కొన్ని తెగనివి. ఆమె దాన్ని తాకలేదు.

"ఏడాది తర్వాత పోతావుగా?"

"ఎందుకు పోను వదినా."

"నాకు కడుపు పండలేదు. ఆయనకి ఏటేటా తద్దినం పెట్టేది నువ్వే. నీ తర్వాత నీ కొడుకు పెడితే పెడతాడు. ఆయన పేరంటూ నిలిచేది ఏదన్నా ఉంటే ఇదొక్కటే. మార్పించుకు రా, మరిదీ. ఇంకేం అడగను."

"రాజధానికి పోయి నేలమీద పడి చెబుతా. సరేనా?"

"పడక్కర్లేదు. నిలబడి చెప్పు, చాలు."

ఆ ఎండాకాలంలోనే చక్రవర్తి దిగిపోయి ఆయన కొడుకు గద్దెనెక్కాడని తెలిసింది. సైన్యాన్ని రద్దు చేశారు. ఆ సైనికులే కొండలెక్కి జపాన్ వాళ్ళ మీద కాల్పులు మొదలుపెట్టారు. దారులన్నీ పాడైపోయాయి. జపాన్ సిపాయిలు పడవలు ఆపి, మూటలు విప్పి, అనుమానం వస్తే ఒడ్డునే కాల్చేసేవారు. ఏడాది మైల తీరాక కూడా దోక్సు కదలలేకపోయాడు. అది సాకు కాదు. ఎగువ రేవులో పడవ నడిపే ముసలాయన్ని అలాగే చంపారు.

సాకు తర్వాత వచ్చింది.

నది అవతల తాక్ సెంగ్వన్ అనే పెద్దమనిషి ఉండేవాడు. ఏ పరీక్షా గట్టెక్కకపోయినా వంశం ఉంది, పొడుగు చిలుం ఉంది, తద్దినాల కాగితాలు రాసే చెయ్యి ఉంది. ఒకరోజు పడవెక్కి, ఎప్పటిలా ముందుకు పోయి కూర్చోకుండా దోక్సు వైపు తిరిగి నిలబడ్డాడు.

"విన్నాను. సన్నిధానం నుంచి వచ్చిందట గదా. ఒకసారి చూపిస్తారా?"

చూపిస్తారా. దోక్సు చేతిలో తెడ్డు ఒక్క క్షణం ఆగింది. వెనక్కి చూశాడు, ఇంకెవరైనా ఉన్నారేమోనని. లేరు.

ఆ రోజు నుంచి తాక్ సెంగ్వన్ అతన్ని "యోమ్" అని పిలవసాగాడు, ఆ తర్వాత "యోమ్ గారూ" అన్నాడు. ఆయన అనేసరికి మిగతావాళ్ళకూ తప్పలేదు. పిల్లలు "ఒరే పడవా" అని నోరు తెరిస్తే తల్లులు చెయ్యి గుంజేవాళ్ళు. వడ్లు కొలిచేటప్పుడు కుంచం మీద ఇంకో దోసెడు గుట్టగా పోసేవారు. దోక్సు పెళ్ళాం బావి దగ్గర ముందు వరుసలో నీళ్ళు తోడుకుని వచ్చి, "ఇయ్యాల నన్ను ఏమన్నారో తెలుసా? 'అమ్మగారూ, మీరు పట్టుకోండి' అన్నారు. చేద జారి బావిలో పడినంత పనైంది," అని నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

దారులు చక్కబడ్డాయి. కాల్పులు దూరపు కొండల్లోకి పోయాయి. "నాట్లు కానీ," అన్నాడు దోక్సు. నాట్లయ్యాయి. "కోతల్లో పడవ వదిలి పోతే ఊళ్ళు ఊరుకుంటాయా?" అన్నాడు. కోతలయ్యాయి. "మంచు కడతంది." మంచు కరిగింది. ప్రతిసారీ వదిన తలూపేది. మూడోసారో నాలుగోసారో, తలూపడం కూడా మానేసింది.

ఆ శరత్కాలం పున్నమి పండుగకు తాక్ సెంగ్వన్ ఊరి పెద్దల విందుకు పిలిచాడు. పడవవాళ్ళ గుడిసె నుంచి ఆ ఇంటి పంక్తిలోకి మనిషి పోవడం అదే మొదలు. "అది పెట్టుకురండి, అందరూ చూడాలంటున్నారు," అని కబురు కూడా పెట్టాడు. దోక్సు ఉతికిన తెల్లకోటు వేసుకుని ఎడమ రొమ్మున పతకం తగిలించుకున్నాడు. పడవ దగ్గరకు పోవాలంటే వదిన వాకిలి మీదుగానే పోవాలి. ఆమె గడపలో కూర్చుని బియ్యప్పిండి ఉండలు చేస్తోంది, అన్నకు నైవేద్యానికి.

తల ఎత్తి చూసింది.

"ఏందీ, మరిదిగారికి రొమ్మున వెండి మొలిచిందే."

"ఈ ఒక్కరోజే వదినా. సెంగ్వన్ గారు మరీ మరీ..."

"బాగుంది. నీకు బాగా అతికింది. మీ అన్నకైతే వంకరగా ఉండేదిలే, ఆయనది ఒకపక్కకి వాలిన భుజం."

ఆమె మళ్ళీ పిండి వైపు వంగింది. దోక్సు చెయ్యి పతకం దగ్గరకు పోయింది. విప్పి జేబులో వేసుకుందామనుకున్నాడు. అవతలి ఒడ్డున తాక్ సెంగ్వన్ పనివాడు చెయ్యి ఊపుతూ "యోమ్ గారూ, రండి!" అని పిలిచాడు. దోక్సు పోయాడు.

ఆ రాత్రి విందులో ఏం తిన్నాడో అతనికి గుర్తులేదు. ఎవరెవరు "మీరు" అన్నారో మాత్రం వరసగా గుర్తుంది.

మరుసటి ఏడు ఎండాకాలం చివర, కచేరీ గోడమీద కాగితం అంటించారు. చదవగలిగినవాడు చదివి, టోపీ తీసి నేలమీద కూర్చున్నాడు. దేశం జపాన్ వాళ్ళకు అప్పగించేశారట. చక్రవర్తి ఇక చక్రవర్తి కాదట. జనం గట్టిగా ఏడవలేదు. గోడ పక్కనే తుపాకులు నిలబడి ఉన్నాయి.

దోక్సు ఇంటికి పోయి లక్కపెట్టె తీసుకుని దిగువకు పోయే కట్టెల పడవెక్కాడు. పెళ్ళాం వెంటపడింది. "ఇప్పుడు పోయి ఏం చేస్తావయ్యా? మూడేళ్ళ నుంచీ పోనోడివి!" అదే మాట అతనూ తనలో అనుకుంటున్నాడు.

రాజధానిలో దారి అడుగుతూ అడుగుతూ పతకాల కచేరీ చేరాడు. గేటు దగ్గర అడ్డుకునేవాడు కూడా లేడు. లోపల గదుల్లో పెట్టెలకు తాళ్ళు కడుతున్నారు. ఒక మూల కిటికీ దగ్గర ముసలి గుమాస్తా ఒకడు కుంచెలు కడిగి ఆరబెడుతున్నాడు. దోక్సు అతని ముందు పెట్టె పెట్టి, వంగి, అంతా చెప్పాడు. మంచు, పెట్టె, గుడిసె, రాయసగాడు.

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు?" అన్నాడు గుమాస్తా. కోపంగా కాదు, ఊరికే తెలుసుకోవాలని.

"పడవ నడుపుతున్నానండి."

"పోయిన వానాకాలంలో వచ్చినా ఒక్క పూటలో అయిపోయేది. ఇట్టాంటివి రెండు మూడు సర్దాం కూడా. ఇప్పుడు... ఇచ్చే గద్దే లేదు. ఎవరి పేరుమీద మార్చేది?"

"ఊరికే రాసుకోండయ్యా. ఎక్కడో ఒకచోట. ఆయన పేరు కాగితం మీద ఉంటే చాలు."

గుమాస్తా అతని ముఖం చూశాడు. ఆరబెట్టిన కుంచెల్లోంచి ఒకటి తీసి, పక్కనున్న చిత్తుకాగితం లాక్కున్నాడు. "సరే. చెప్పు."

దోక్సు చేతులు కట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ పేరు అతని నోటివెంట రాలేదు.

"చిల్బోంగ్," అన్నాడు. "యోమ్ చిల్బోంగ్." పెట్టెలు కడుతున్నవాళ్ళు తిరిగి చూశారు, అంత గట్టిగా వచ్చింది.

"ఏ చిల్? ఆ పలుకుకు అక్షరాలు చాలా ఉన్నాయి. ఏడు అనే అక్షరమా, లక్క అనే అక్షరమా?"

దోక్సుకు తెలియదు.

"బోంగ్? కొండకొమ్మా? దివ్యపక్షా? తేనెటీగా?"

"మా అమ్మ... అట్టా పిలిచేదండి. అంతే."

కుంచె గాలిలోనే ఆగింది. పేరు చెవికి చేరింది గాని చేతికి చేరలేదు. "ఆ రోజు రాయసగాడితో నువ్వీ మాట అనుంటే," అన్నాడు గుమాస్తా మెల్లగా, "వాడే ఏదో మంచి అక్షరం చూసి పెట్టేవాడు. అదే ఆయన పేరై నిలిచేది. ఇప్పుడు నేను పెడితే అది నా రాత. ఆయన పేరు కాదు." కుంచె నీళ్ళలో ముంచి మళ్ళీ ఆరబెట్టాడు. పెట్టెను రెండు చేతులతో దోక్సు వైపు జరిపాడు. "తీసుకుపో. ఇక్కడ వదిలితే ఈ మూటల్లో ఎటు పోతుందో."

దోక్సు తిరిగి వచ్చేసరికి వదిన నది ఒడ్డున ముల్లంగి ఆకులు కడుగుతోంది. పక్కన కూర్చుని, దాచకుండా అంతా చెప్పాడు. చివర్న, "దారులు బాగుపడ్డాక ఆగింది సాకు వదినా. నాకు ఆ 'మీరు' రుచి మరిగింది," అన్నాడు.

"తెలుసు. నువ్వు గెడ పట్టే తీరే మారింది."

"నన్ను తిట్టు."

"దేనికి తిట్టను? ఆ రోజు నేనూ ఆ గుడిసెలోనే ఉన్నాగా. పొయ్యిలో కట్టె ఎగదోస్తా అంతా విన్నాను. నువ్వు నీళ్ళు నములుతుంటే, నేనన్నా చెప్పేదేనా అనుకున్నా. ఆడదాన్ని, మొగుడి పేరు నోటితో ఎట్టా అనేదని ఊరుకున్నా." ఆకులు పిండి బుట్టలో వేసింది. "నువ్వన్నా రుచి మరిగి ఆగావు. నాకు ఆ రుచి కూడా లేకపోయె."

దోక్సుకు ఆ మాట తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

పొడుగురాత్రి పండుగ వెళ్ళిన వారానికి అన్న తద్దినం. ఆ మధ్యాహ్నం దోక్సూ వదినా కలిసి నది దాటి, తద్దినంలో పోయినవాడి బదులు నిలబెట్టే దేవుడి కాగితం రాయించడానికి తాక్ సెంగ్వన్ దగ్గరకు పోయారు. ఉద్యోగమో బిరుదో ఉన్నవాడికి అందులో పేరు బదులు అదే రాస్తారు. ఏమీ లేకుండా పోయినవాడికి "విద్యార్థి" అని రాస్తారు, అక్షరమ్ముక్క రాకపోయినా సరే. ఏటేటా అన్నకు అదే రాశారు.

ముసలాయన సిరా నూరుతూ ఇద్దర్నీ చూశాడు. ఆ ఏడు ఆయనా బాగా వంగిపోయాడు. రాజధానిలో ఏం జరిగిందో ఎవరో చేరవేసినట్టున్నారు.

"ఎనిమిదో తరగతి పతకం అని రాస్తాలే," అన్నాడు. "దూకినవాడు ఆయనే గదా. ఇప్పుడు అడిగేవాడెవడు? ఒకటో తరగతి అని రాయమన్నా రాస్తా."

దోక్సు ముందుకు జరిగాడు. వదిన అడిగిందీ, మూడేళ్ళు ఎదురుచూసిందీ ఇదే గదా. వదిన వైపు తిరిగాడు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కాగితాన్నే చూస్తోంది. ఖాళీ కాగితం.

"అడిగేవాడు ఉన్నప్పుడు రాసుంటే తీసుకునేవాళ్ళమయ్యా," అంది. "ఎవరూ అడగనప్పుడు ఎవరికైనా రాయొచ్చు. మా కుక్కకి కూడా రాయొచ్చు. వద్దు. ఎప్పుడూ రాసేదే రాయండి."

తాక్ సెంగ్వన్ దోక్సును చూశాడు. "ఏమంటారు?"

ఆ "మీరు" ఇప్పుడు దోక్సుకు రుచించలేదు. "వదిన చెప్పిందే," అన్నాడు.

ముసలాయన విద్యార్థి అనే రాశాడు. వదిన కాగితాన్ని రెండు అరచేతుల మీదా పరుచుకుని, మడత పడకుండా రేవు దాకా నడిచింది. దోక్సు ఆమెను చెయ్యందించి ఎక్కించి పడవ తోశాడు. ఈ ఏడు ఇంకా మీగడ కట్టలేదు. నీళ్ళు నల్లగా, వేగంగా పోతున్నాయి. ఎదురుగాలి లేచింది. పొద్దు వాలకముందే చేరాలని అతను తెడ్డు బలంగా వేశాడు.

"నెమ్మదిగా పోనీ," అంది వదిన, గాలికి వీపు తిప్పి కాగితం మీదకు వంగుతూ. "సిరా ఆరలేదు."